సోమాలీ తేదీ చేతికొస్తే వారం, నెల, ఏడాది పోల్చుకోవడం ఎలా?

మా ఇల్లు టోలిచౌకిలో. పై వాటాలో కొన్నేళ్లుగా సోమాలియా నుంచి వచ్చిన విద్యార్థులు అద్దెకుంటున్నారు. ఒకరు చదువు ముగించుకుని వెళితే వాళ్ల చుట్టమో, ఊరివాడో వచ్చి అదే గదిలో దిగుతాడు. వాళ్ల దగ్గర ఒకటి నుంచి పది దాకా అంకెలు నేర్చుకున్న కొత్తలో, వాళ్లు స్నేహితుడి కోసం తలుపుకు అంటించిన చీటీ ఒకటి చదివాను. కుళాయి బాగుచేయడానికి వచ్చిన ప్లంబరుతో, ‘ఏడో తారీఖున ఉంటారట, అప్పుడు రా’ అని చెప్పి పంపించేశాను. చీటీలో నాకు అర్థమైన మాట ఒక్కటే: తొద్దొబాద్. తొద్దొబ అంటే ఏడు కదా, ఇక సందేహమెందుకు అనుకున్నాను. ‘వచ్చే వారం వస్తాం’ అని వాళ్లు రాసుకున్నట్టు తర్వాత తెలిసింది. ఆ కుళాయి పది రోజులు కారింది.

సోమాలీ విద్యార్థులకు ఇల్లు అద్దెకిచ్చేవారు, కాలేజీలో వాళ్ల కాగితాలు చూసేవారు, ఆసుపత్రిలో వాళ్ల పెద్దవాళ్లకు తేదీలు చెప్పాల్సినవారు హైదరాబాద్‌లో చాలామందే ఉన్నారు. నాలాగా తప్పులో కాలేయకుండా ఉండాలంటే ఈ వరుసలో వెళ్లండి.

ముందు, అది ఏ లెక్కో తేల్చుకోండి

మన ఇంట్లో ఎన్ని లెక్కలున్నాయో ఒకసారి గుర్తుచేసుకోండి. జీతం ఇంగ్లిషు నెల ప్రకారం వస్తుంది. ఉగాది చాంద్రమానం ప్రకారం, సంక్రాంతి సౌరమానం ప్రకారం వస్తాయి. విత్తనం వేసే రైతు వీటిలో దేన్నీ అడగడు, మృగశిర కార్తె వచ్చిందా అని చూస్తాడు. సోమాలీల సంగతీ అంతే. ఆఫీసు కాగితానికి ఒక లెక్క, ఉపవాసానికీ పండుగకూ ఇంకొకటి, ఒంటెలకూ మేకలకూ గడ్డి దొరికే కాలానికి మరొకటి. ఈ మూడింటికీ కలిపి వారాల పేర్లు ఒకటే.

అందుకే సోమాలీ నెల పేరు వినగానే ‘ఇది మన ఏ నెల?’ అని అడగకండి. ‘ఇది ఏ పనికి వాడే నెల?’ అని అడగండి. జవాబు సగం అక్కడే దొరుకుతుంది.

తర్వాత, అక్షరాలు సరిగ్గా చదవడం నేర్చుకోండి

సోమాలీ భాషకు లాటిన్ లిపిని అధికారిక లిపిగా ప్రకటించింది 1972 అక్టోబరు 21న. అక్షరాలు మనకు తెలిసినవే కావడంతో వచ్చిన ఇంగ్లిషుతో చదివేస్తాం. మోసపోయేది అక్కడే. ఎక్స్ అని కనిపిస్తే అది గొంతులోంచి గట్టిగా పలికే ‘హ’. సీ అక్షరం అరబ్బీలోని ఐన్. మన చెవికి దాదాపు అచ్చులాగే వినిపిస్తుంది. కాబట్టి సీతో మొదలయ్యే పేరు అలీ కావచ్చు, ఎక్స్‌తో మొదలయ్యేది హసన్ కావచ్చు. ఒకే అచ్చు రెండుసార్లు రాస్తే దీర్ఘం; ఇది మనకు చెప్పనక్కర్లేదు. డీ, హెచ్ పక్కపక్కన ఉంటే అది ‘ధ’ కాదు, నాలుక వెనక్కి మడిచి పలికే ‘డ’. వట్టి డీ అక్షరం ‘ద’. ఇంగ్లిషువాళ్లు తంటాలు పడే ఈ తేడాను తెలుగువాళ్లు మొదటి రోజే పట్టేస్తారు. పైన ఉండే అబ్బాయి ‘మీరు బాగా పలుకుతారు’ అని నన్ను మెచ్చుకున్నది ఈ ఒక్క అక్షరానికే.

ఇంకో చిన్న విషయం. సోమాలీలో ప, జ (జెడ్), వ (ఇంగ్లిషు వీ) ధ్వనులు లేవు. ఏప్రిల్ అక్కడ అబ్రీల్ అవుతుంది, నవంబరు నొఫెంబర్ అవుతుంది, జకాత్ సకొ అవుతుంది.

వారాలు: వేలు మడిచి లెక్కపెట్టండి

మన వారాలకు గ్రహాల పేర్లున్నాయి. సోమాలీ వారాలు అరబ్బీ నుంచి వచ్చాయి కాబట్టి ఎక్కువగా అంకెలే. ఆదివారంతో ఒకటి మొదలుపెట్టండి: అహద్ ఆదివారం, ఇస్నీన్ సోమవారం, తలాదొ మంగళవారం, అర్బఒ బుధవారం, ఖమీస్ గురువారం. ఇక్కడికి ఐదు వేళ్లూ అయిపోయాయి. ఆ తర్వాతివి అంకెలు కావు: జిమ్‌ఎ అంటే అందరూ కూడే శుక్రవారం, సబ్తి శనివారం. మంగళవారాన్ని కొందరు సలాస అంటారు, రెండూ ఒకటే.

మాట చివర మారితే కంగారు పడకండి. సోమాలీలో నిర్దేశక ప్రత్యయం, అంటే ఇంగ్లిషు ‘ది’ (the) లాంటిది, మాట చివర చేరుతుంది. ఇస్నీన్ కాస్తా ఇస్నీంత, ఖమీస్ ఖమీస్త, సబ్తి సబ్తిద, జిమ్‌ఎ జిమ్‌అహ అవుతాయి. వారం పేరు మారలేదు, తోక వచ్చింది. ఆ తోకలో ఒక రహస్యం ఉంది, నాకు బాగా పనికొచ్చింది. చివర ‘అ’ ఉంటే ఈ వారమో రాబోయేదో. దీర్ఘ ‘ఈ’ ఉంటే గడిచిపోయింది. సబ్తిద అంటే ఈ శనివారం, సబ్తిదీ అంటే మొన్న వెళ్లిపోయిన శనివారం. అద్దె ‘సబ్తిద’ ఇస్తామన్నారా, ‘సబ్తిదీ’ ఇచ్చేశామన్నారా అనేది ఆ చివరి అచ్చు మీద ఆధారపడి ఉంటుంది. జాగ్రత్తగా వినండి.

దగ్గరి రోజులకు విడి మాటలున్నాయి: మాంత ఈ రోజు, బెర్రి రేపు, షలయ్ నిన్న. ఎల్లుండికీ మొన్నకీ ఇంగ్లిషులో నాలుగేసి మాటలు వాడాలి. సోమాలీలో మనలాగే ఒక్కో మాట చాలు: సాదంబె ఎల్లుండి, దొర్రాద్ మొన్న.

ఇక తొద్దొబాద్. ఏడు రోజులు కాబట్టి వారానికి ఆ పేరు వచ్చింది. కానీ ‘ఏడవ’ అనడానికీ అదే మాట రాస్తారు. పక్కన ‘బిష’ ఉంటే ఏడో నెల. వెనక ‘క’ చేరి, తర్వాత దంబె వస్తే వచ్చే వారం. ‘కీ’ చేరి, తర్వాత హొరె వస్తే పోయిన వారం. నా చీటీలో ఉన్నది తొద్దొబాద్‌క దంబె.

రోజు ఎప్పుడు మొదలవుతుందో కూడా చూసుకోండి. మతపరమైన లెక్కలో సూర్యాస్తమయంతో కొత్త రోజు వస్తుంది, అంటే రాత్రి ముందు, పగలు తర్వాత. శుక్రవారపు రాత్రి అంటే మన గురువారం రాత్రి. హైదరాబాద్‌వాళ్లకు ఇది కొత్తేమీ కాదు. ఉర్దూలో గురువారాన్ని జుమేరాత్ అంటాం కదా, విడదీస్తే జుమా రాత్రి. విందుకు పిలిచినప్పుడు ‘శుక్రవారం రాత్రి’ అంటే ఏ రాత్రో ఒకటికి రెండుసార్లు అడిగి మరీ వెళ్లండి.

ఆఫీసు నెలలు: ఇక్కడ ఎక్కువసేపు ఆగనక్కర్లేదు

పాస్‌పోర్టు, ఫీజు రసీదు, విమానం టికెట్ మీద ఉండేవి ఇవే. దక్షిణాన్ని ఇటలీ, ఉత్తరాన్ని బ్రిటన్ పాలించాయి. నెలల పేర్లలో ఇటలీ వాసన ఎక్కువ: జన్నాయొ, ఫెబ్రాయొ, మార్సొ, అబ్రీల్, మాజొ, జూన్, లూల్యొ, అగోస్తొ, సెబ్తెంబర్, ఒక్తోబర్, నొఫెంబర్, దెసెంబర్. మాజొ బదులు మే అని కూడా రాస్తారు. స్పెల్లింగు మనిషికో తీరుగా ఉంటుంది, పట్టించుకోకండి. జూన్, లూల్యొ రెంటినీ మాత్రం కలిపేయకండి.

పేరుకు బదులు అంకెతో చెప్పే పద్ధతీ ఉంది. బిల్ అంటే నెల. నెలవంకనూ బిల్ అంటారు. మన ‘నెల’ లాంటి మాటే, చంద్రుడూ అదే, మాసమూ అదే. ప్రత్యయం చేరితే బిల్ కాస్తా బిష అవుతుంది. బిష సద్దెహాద్ అంటే మూడో నెల, మార్చి. కాగితం మీద 3 వేసి పక్కన ఆద్ అని తగిలిస్తారు, మనం 3వ అని రాసినట్టు. తేదీ అంకె వెనక కూడా ‘క’, ‘ద’ లాంటి తోక ఉంటుంది. ముందు రోజు, తర్వాత నెల, చివర ఏడాది, మన వరుసే.

సాధన కోసం ఇది చదవండి: తలాదొ, 1ద లూల్యొ 2025. మంగళవారం, జులై 1. మన క్యాలెండర్ తిప్పి చూస్తే ఆ రోజు మంగళవారమే. వారమూ తేదీ కలిశాయంటే మీరు సరిగ్గా చదివినట్టే. కలవకపోతే ముందు మీ చదువును అనుమానించండి, తర్వాత కాగితాన్ని. ఆ తేదీకి ఇంకో విశేషం ఉంది. ఉత్తర భాగం 1960 జూన్ 26న స్వతంత్రమైంది. జులై 1న దక్షిణం స్వతంత్రమై, రెండూ కలిసి సోమాలియా ఏర్పడింది. మీ ఇంట్లో ఉన్న పిల్లలు ఆ రోజున జెండా కడితే ఆశ్చర్యపోకండి.

చంద్రుడి నెలలు: అసలు సోమాలీ పేర్లు ఇక్కడున్నాయి

ఇస్లామీ పన్నెండు నెలల్లో కొన్నింటికి సోమాలీలు ఇంటి పేర్లు పెట్టుకున్నారు. అరబ్బీ పేర్లు తెలిసినవాళ్లు కూడా ఇవి విని తికమకపడతారు. మొహర్రం నెల సకొ; జకాత్ ఇచ్చే నెల కాబట్టి. రెండోది సఫర్, మార్పు లేదు. ప్రవక్త పుట్టిన మూడో నెల మౌలీద్. నాలుగోది మల్మదోనె. ఐదు, ఆరు జమాదుల్ అవల్, జమాదుల్ ఆఖిర్. ఏడు రజబ్, ఎనిమిది షఅబాన్. తొమ్మిదోది రంజాన్, దాన్ని సోన్ అంటారు. సోన్ అంటే ఉపవాసమే. పదోది సోన్‌ఫుర్, ఉపవాసం విడిచే నెల. పదకొండు సిదతాల్. పన్నెండోది అర్రఫొ, హజ్ యాత్రలో అరఫాత్ మైదానంలో నిలబడే రోజు పేరు మీద. బక్రీదును కూడా అర్రఫొ అనే పిలుస్తారు.

పేర్ల వరుస గుర్తుండకపోతే సోన్ ఒక్కటీ పట్టుకోండి. దాని తర్వాతి నెల సోన్‌ఫుర్, ఆ తర్వాత సిదతాల్, ఆ తర్వాత అర్రఫొ. కాగితాల్లోనూ కబుర్లలోనూ ఎక్కువగా వచ్చేవి ఈ నాలుగే.

వీటిని మన నెలలకు శాశ్వతంగా ముడిపెట్టకండి. మన చాంద్రమానంలోనూ ఏడాదికి సుమారు 354 రోజులే, కానీ అధిక మాసం చేర్చి ఋతువులతో కలిపేస్తాం. ఇస్లామీ లెక్కలో అధిక మాసం లేదు. అందుకే ప్రతి నెలా ఏటా సుమారు 11 రోజులు ముందే వస్తూ, దాదాపు 33 ఏళ్లకు అన్ని ఋతువులూ చుట్టి వస్తుంది. సోన్ ఒక ఏడు ఎండలో, ఇంకో ఏడు చలిలో.

ఒక రోజు అటూ ఇటూ అవడం మామూలే. 2025లో సౌదీ అరేబియాలో రంజాన్ మార్చి 1న మొదలైంది, మన దగ్గర 2న. కాబట్టి ‘సోన్ 15’ అని ఎవరైనా చెబితే, ఏ దేశంలో ఉండి చెబుతున్నారో అడగండి. హిజ్రీ (ఇస్లామీ లెక్క) ఏడాది నుంచి మన ఏడాది సుమారుగా కావాలంటే 0.97తో గుణించి 622 కలపండి. 1446కు 2024.6 వస్తుంది, అది 2024 జులైలో మొదలై 2025 జూన్‌లో ముగిసింది. అంచనాకు ఇది చాలు.

కాలాలు: ఏడాదిని వానతో కొలవండి

చంద్రుడి నెలలు ఇలా జరిగిపోతుంటే ఒంటెను ఎప్పుడు ఎటు తోలాలి? పశువుల కాపరులకు ఆ లెక్క పనికిరాదు. వాళ్లకు నాలుగు కాలాలున్నాయి. గు: ఏప్రిల్ నుంచి జూన్ దాకా పెద్ద వానలు. హగా: జులై నుంచి సెప్టెంబరు దాకా గాలి. దయ్ర్: అక్టోబరు, నవంబరుల్లో చిన్న వానలు. జీలాల్: డిసెంబరు నుంచి మార్చి దాకా ఎండు కాలం, అందరూ భయపడేది దీనికే.

హగా గురించి తెలుగువాళ్లకు చెప్పాల్సిన మాట ఒకటుంది. మన నైరుతి ఋతుపవనం సోమాలియా తీరం పక్కనుంచే దూసుకొస్తుంది. మృగశిర కార్తెలో మనల్ని తడిపే గాలే అక్కడ చాలాచోట్ల చుక్క రాల్చకుండా దుమ్ము లేపుతుంది. సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, పడవలు ఒడ్డున ఉండిపోతాయి. ఆ రోజులకు బద్‌హిరన్ అని పేరు: మూసుకున్న సముద్రం. మనకు పండుగ తెచ్చే గాలి వాళ్ల రేవులకు తాళం వేస్తుంది.

కాలం పేరు విన్నాక ఊరు కూడా అడగండి. వాయవ్యాన హర్గేసా వైపు జులై చివరి నుంచి కరన్ అనే వానలు పడతాయి, అంటే మిగతావాళ్లకు ఎండిపోయిన హగాలోనే. ఉత్తర తీరంలో జీలాల్ మధ్యలో హైస్ వానలుంటాయి. ఇలాంటి వానల పేర్లే నెలల పేర్లుగా వాడతారు, ప్రాంతానికో తీరుగా. ఒక ఊరి పేర్ల పట్టికను ఇంకో ఊరి మీద పెట్టకండి.

వయసు కూడా గుల్లోనే చెబుతారు. నలభై గులు అంటే నలభై ఏళ్లు. వాన పేరే ఏడాది పేరవడం మనకు వింత కాదు, వర్షం అనే మాటకు మన దగ్గర రెండు అర్థాలూ ఉన్నాయి.

ఏడాది పేరు: ఏడుతో భాగించండి

మనకు ప్రభవ, విభవ అని అరవై పేర్లున్నాయి. సోమాలీల సౌర సంవత్సరాలకు ఏడే పేర్లు, అవీ వారాల పేర్లే. కొత్త ఏడాది జులై చివరనో ఆగస్టు మొదట్లోనో వస్తుంది. ఆ పండుగ దబ్‌షిద్. దబ్ అంటే నిప్పు, షిద్ అంటే వెలిగించు. మంటలు వేసి వాటి మీదుగా దూకుతారు. మన భోగిమంట గుర్తుకొస్తుంది, అదీ సూర్యుడి లెక్కే కదా. దీనికి నేరోష్ అనే పేరూ ఉంది, పర్షియన్ల నౌరోజ్ నుంచి వచ్చింది. మొగదీషు దగ్గర షబెల్లె నది ఒడ్డున ఉన్న అఫ్గోయెలో ఈ రోజుల్లోనే ఇస్తుంక పేరుతో కర్రసాము జరుగుతుంది. ఈ నక్షత్రాల లెక్కలనూ వాతావరణ జ్ఞానాన్నీ కాపరుల నోటి నుంచి సేకరించి 1960ల్లో అక్షరబద్ధం చేసిన పండితుడు మూసా గలాల్.

ఈ సౌర లెక్కలో ఏడాదికి 365 రోజులు, లీపు రోజు లేదు. 52 వారాలు పోగా ఒక రోజు మిగులుతుంది. అందుకే దబ్‌షిద్ ఈ ఏడు ఆదివారం వస్తే వచ్చే ఏడు సోమవారం. ఏ వారం మొదలైతే ఆ ఏడాదికి ఆ పేరు, ఏడేళ్లకు మళ్లీ మొదటికి. ఇప్పుడు నడుస్తున్నది ఇస్నీన్ ఏడాది అనుకుందాం. ముప్పై ఏళ్ల కిందటిది ఏది? ముప్పైని ఏడుతో భాగిస్తే శేషం రెండు. ఇస్నీన్ నుంచి రెండు వెనక్కి వెళితే సబ్తి. అంతే.

ఇప్పుడు అన్నీ కలిపి ఒక పుట్టినరోజు వెతుకుదాం. ఒక తల్లి ఇలా చెప్పిందనుకోండి: ‘వీడు గు కాలంలో, సోన్ నెలలో, అహద్ ఏడాదిలో పుట్టాడు.’ వినగానే తేదీ లేదు కదా అనిపిస్తుంది. తొందరపడకండి. సోన్ నెల గు వానల్లో పడింది సుమారుగా 1983 నుంచి 1990 దాకా; మళ్లీ 2016 నుంచి 2023 దాకా. ఎదురుగా ఉన్నది గడ్డం పెరిగిన మనిషి కాబట్టి మొదటి ఎనిమిదేళ్లే మిగిలాయి. ఏడేళ్ల చక్రంలో ఎనిమిదేళ్లంటే ఏ పేరైనా ఒక్కసారే వస్తుంది, రెండు చివర్లలోని 1983కూ 1990కూ మాత్రం ఒకే పేరు. అహద్ ఏడాది మధ్యలో పడితే పని అయిపోయినట్టే. చివర్లలో పడితే, తమ్ముడి కంటే ఎంత పెద్ద అని అడగండి. నడుస్తున్న ఏడాది పేరు మాత్రం ఇద్దరు పెద్దవాళ్లను విడివిడిగా అడిగి సరిచూసుకోండి. గు కాలం దబ్‌షిద్ కంటే ముందు వస్తుంది కాబట్టి ఆ ఏడాది అంతకు ముందటి దబ్‌షిద్‌తోనే మొదలైందని మరచిపోకండి.

పెద్ద కరువుల పేర్లు కూడా తేదీలే. మన గుంటూరు వైపు 1832–33 కరువును ఆ తెలుగు ఏడాది పేరుతోనే నందన కరువు అన్నారు. సోమాలీలకు 1974–75 కరువు దబడేర్, అంటే పొడుగు తోకది. ‘దబడేర్ నాటికి నడక వచ్చింది’ అని ఎవరైనా అంటే వాళ్లు 1973 ప్రాంతంలో పుట్టినట్టు.

ఇంత కష్టపడి పట్టిన తేదీని ఫారంలో మాత్రం రాయకండి. చాలామంది సోమాలీల కాగితాల్లో జనవరి 1 పుట్టినరోజుగా ఉంటుంది. పుట్టిన తేదీ రాసిపెట్టుకోని కుటుంబాలకు, వలస వెళ్లినచోట అధికారులు వేసిన తేదీ అది. ఒకే ఇంట్లో నలుగురికీ జనవరి 1 ఉంటే దొంగ కాగితాలని అనుమానించకండి, పాస్‌పోర్టులో ఏముందో అదే దించండి.

ఏ రోజో తెలియకపోతే అడగడానికి రెండు వాక్యాలు చాలు. ‘మాంత వా మాలింతే?’ అంటే ఈ రోజు ఏ వారం. ‘తారీఖ్దు వా ఇమ్మిస?’ అంటే తేదీ ఎంత. అందులో తారీఖ్ మన తారీఖే. రెండు భాషలూ అరబ్బీ నుంచి తెచ్చుకున్న మాట. నేను ఇప్పుడు తలుపు మీద చీటీ చూస్తే చదవడం మానేసి, మెట్లెక్కి ఈ రెండో ప్రశ్న అడుగుతున్నాను.